పురుటి కోసం సున్నం వేసిన అర్ర

మా అండాలక్కకు నొప్పులు మొదలైన పూటనే ఆమెను లోపలి అర్రలోంచి లేపి గొడ్ల కొట్టంలోకి నడిపించారు. నడిపించింది మేమే. ఒక చెయ్యి అమ్మ పట్టుకుంది, ఇంకో చెయ్యి నేను పట్టుకున్నాను. వాకిట్లో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. అక్క రెండడుగులు వేసి ఆగేది, నడుం పట్టుకుని ఊపిరి తీసుకునేది, మళ్లీ రెండడుగులు వేసేది. మాకు ఎదురుగా సుంకరి ఎల్లయ్య, అంటే పటేలు మాటను ఊళ్లో ఇంటింటికీ మోసే మనిషి, నెత్తి మీద పరుపు చుట్టతో అర్రలోకి పోతున్నాడు. తాలూకా నుంచి వస్తున్న, భూముల లెక్క రాసే గిర్దావర్ సాబ్ మధ్యాహ్నానికి మా ఇంట్లో దిగుతాడట. బాపు తలుపు రెక్కను వెనక్కి పట్టుకుని నిలబడ్డాడు. "జర వంగు ఎల్లయ్యా, దర్వాజ తక్కువుంటది," అన్నాడు. అక్క ఆ మాట విన్నది. వెనక్కి తిరిగి చూసింది. బాపు ఆమె దిక్కు చూడలేదు.

పోయిన నెల మా తమ్ముడి కొడుకు శ్రీను ఫోన్ చేసి ఉండకపోతే ఇదంతా రాసేదాన్ని కాదేమో. "అత్తా, లోపలి బెడ్రూం మొత్తం మారుస్తున్న. కింద టైల్స్, మీద సీలింగ్. నువ్వొచ్చి ఒకసారి చూడు," అన్నాడు. వెళ్లాను. రంగులేసే మనిషి గోడ గీకుతున్నాడు. గులాబీ రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద నీలం, పొరలు పొరలుగా రాలి నేల మీద పడుతున్నాయి. అన్నిటికంటే అడుగున తెల్లటి పొర ఒకటి గీకే రేకుకు లొంగక మొండికేసింది. "గిది పాత సున్నం అమ్మా. ఎవలు ఏసిన్రో గని మనసు పెట్టి ఏసిన్రు," అన్నాడు ఆ మనిషి. నేను వేశానని చెప్పలేదు. శ్రీను కుర్చీ తెచ్చి వాకిట్లో వేస్తే కూర్చున్నాను.

ఈ ఊరు మోత్కూరుకు కాలినడక దూరం. మేము మేరోళ్లం. బాపు ముందటి అర్రలో మిషన్ పెట్టుకుని ఊరి బట్టలు కుట్టేవాడు. అందులో సగానికి పైగా గడీ బట్టలే. గడీలో ఉండే దొరకు, దొరసానికి, వాళ్ల పిల్లలకు, పనివాళ్లకు, చివరికి గుర్రం మీద వేసే గుడ్డకు కూడా బాపే కుట్టాలి. వాటికి కూలి ఉండదు. వెట్టి. ఇల్లు మాది, ఇల్లున్న జాగా గడీది. లేవమన్న రోజు లేవాలి. ఆ మాట మా ఇంట్లో ఎవరూ గట్టిగా అనేవారు కాదు. బాపు ఇంటి గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించేవాడు, అది ఎవరిదో వస్తువు అన్నట్టు.

లోపలి అర్ర సంగతి చెప్పాలి. దానికి ఒక్కటే కిటికీ, అదీ జానెడు. ఒక మూల జొన్నల గుమ్మి, ఇంకో మూల విరిగిన పాత మంచం, గోడ పొడుగునా ఎలుకల బొక్కలు. ఆముదం దీపం పొగకు దీపం గూడు చుట్టూ గోడ నల్లబడి, వేలు పెడితే జిగటగా అంటుకునేది. మిద్దె మన్నుది. పైన పిల్లి నడిచినా దూలాల మధ్య నుంచి సన్నటి మన్ను రాలేది. ఆ అర్రలో పడుకున్నవాళ్లందరికీ ముఖం మీద పైట కొంగు కప్పుకుని నిద్రపోవడం అలవాటు. వానకాలం వస్తే చెమ్మ గోడ అడుగు నుంచి నడుమెత్తు దాకా ఎక్కేది. ముక్కిన జొన్నలు, ఎలుకల ఉచ్చ, తడిసిన మన్ను, ఆముదం, ఇవన్నీ కలిసిన ఒక వాసన ఉండేది. ఇప్పుడు శ్రీను అర్రలో కొత్త రంగుల వాసన పీలుస్తూ కూడా నాకు ఆ పాత వాసనే ముందు తగిలింది.

అక్క మొదటి కాన్పు అత్తగారింట్లో అయింది. పుట్టింట్లో కావలసింది. కానీ ఆ ఏడు మా ఊళ్లో గత్తర, అంటే కలరా, లేచి రోజూ ఒక ఇంట్లో ఏడుపు వినిపించేది, అందుకని పంపలేదు. అక్కడ వాళ్లు ఆమెను పాత కుండలు పెట్టే చీకటి అర్రలో పడుకోబెట్టారు. బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. చెమ్మ పట్టిన జాగలో పెడితే బిడ్డ నిలుస్తుందా అని అక్కడి మంత్రసాని అన్నదట. ఆ మాట నిజమో కాదో గాని అమ్మ దాన్ని పట్టుకుంది. అక్కకు మళ్లీ నెల తప్పిందని కబురు వచ్చిన రోజు నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు.

"ఈపాలి నా పిల్ల నా అర్రల్నే కనాలె. ఎండిన గోడల నడుమ, ఎండిన మంచం మీద," అన్నది.

"అర్ర ఏమన్న గడీయానే, ముస్తాబు చేసుడుకు?" అన్నాడు బాపు మిషన్ మీద నుంచి తలెత్తకుండా.

"గడీల దొరసానికి నొప్పులు వేరే ఉంటయా? గట్లనే ఉంటయి."

బాపు నవ్వాడు. ఆయన నవ్వడం తక్కువ, అందుకే గుర్తుంది.

ముందు అర్ర ఖాళీ చేశాం. గుమ్మిని దొర్లించుకుంటూ ముందటి అర్రకు తెచ్చాం. ఎలుకల బొక్కల్లో పగిలిన గాజుల ముక్కలు, తుమ్మముళ్లు కూరి పైన బంకమన్ను మెత్తాం. గాజుల కోసం నేను వాడంతా తిరిగాను. ఇంటింటా చేటలో పోసి ఇచ్చేవాళ్లు, "ఏమే సత్తెమ్మా, అక్కకు కొడుకు పుడితె మాకేం పెడుతరే?" అని అడిగేవాళ్లు. పొగ పట్టిన గోడను కత్తిపీటతో గీకాం. ఎర్రమన్నులో వడ్ల ఊక కలిపి, నీళ్లు పోసి మాగబెట్టి, నేనూ అమ్మా మూడు రోజులు కాళ్లతో తొక్కాం. ఆ మన్ను మెత్తిన గోడ ఆరిన తర్వాత సున్నం వచ్చింది. మేళ్లచెరువు దిక్కు నుంచి ఏడాదికొకసారి సున్నపు బండి గడీకి వచ్చేది. ఆ బండివాడి పిల్లలకు బాపు రెండు అంగీలు కుట్టి పెడితే, వాడు గడీ గుమ్మం తొక్కకముందే మా ఇంటి ముందు ఒక గోతం సున్నం దించిపోయాడు. కుండలో నీళ్లు పోస్తే అది బుసబుసా ఉడికింది. అమ్మ నన్ను దగ్గరికి రానివ్వలేదు. చల్లారిన తర్వాత పాత ధోతిలో వడపోసి, తుమ్మబంక, కాస్త నీలిమందు కలిపింది. ఈతమట్ట కొస నలగ్గొట్టి కుంచె చేసింది. అమ్మ కింద, నేను పీట మీద నిలబడి పైన. రెండు చేతులూ పగిలి మండేవి. గోడ తడిగా ఉన్నప్పుడు ఏమీ కనిపించదు. ఆరుతున్న కొద్దీ తెలుపు తేలుతుంది. అర్ర ఒక్కొక్క గోడగా వెలుతురులోకి రావడం నేను చూశాను.

బాపు చేసిన పని కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. పోచంపల్లి నుంచి వచ్చే గుడ్డ మూటల పైన చుట్టే ముతక గుడ్డలను ఆయన ఎన్నేళ్ల నుంచో దాచిపెట్టాడు. వాటిని అతికి అతికి, అర్రంత పెద్ద గుడ్డ కుట్టాడు. దూలాల కింద ఈ చివర నుంచి ఆ చివరకు లాగి మేకులు కొట్టాడు, ఇక మన్ను రాలినా గుడ్డ మీదే పడుతుంది. మంచానికి కొత్త నులక అల్లాడు. అల్లిన తర్వాత తనే దాని మీద పడుకుని, ఇటూ అటూ దొర్లి, "సందు లేదు. పిల్ల నడుముకు మంచిగుంటది," అన్నాడు. ఆ మాట అన్న మనిషీ, తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డ మనిషీ ఒక్కరే. ఇన్నేళ్లు వార్తలు రాశాను, మనుషుల గురించి రెండు ముక్కల్లో చెప్పడం నా వృత్తి. ఆయన గురించి మాత్రం చెప్పలేకపోయాను.

తప్పు నేను చేశాను. కుండ అడుగున సున్నం మిగిలింది. మర్నాటికి ఎండిపోతే పనికిరాదు. అమ్మ గడ్డికి పోయింది, బాపు గడీకి కొలతలకు పోయాడు. కుంచె నా చేతిలో ఉంది. బజారు వైపు గోడకు, కింద నుంచి నాకు అందినంత ఎత్తు వరకు వేసేశాను. మా ఊళ్లో బయటి గోడకు సున్నం ఉన్నవి రెండే, గడీ, మసీదు. మిగిలినవన్నీ ఎర్రమన్ను ఇళ్లు. వేయకూడదని ఎవరూ చాటించలేదు. ఎవరూ వేయరు, అంతే. ఇంటి లోపల ఏం చేసుకున్నా బజారుకు కనిపించకూడదన్నది ఊళ్లో పెద్దలందరికీ తెలిసిన సంగతి, పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి.

అమ్మ గడ్డిమోపుతో వచ్చి గోడ ముందు ఆగిపోయింది. మోపు నెత్తి మీద నుంచి జారిపోయింది.

"ఎవలు ఏయమన్నరే నిన్ను?"

"మిగిలింది గదనే అమ్మా. పారవోస్తవా?"

రెండు చెంపలూ వాయించింది. వెంటనే ఎర్రమన్ను కలిపి పైన పూసింది. ఆ రాత్రి వాన పడింది. పొద్దున చూస్తే మన్ను కారిపోయి, సున్నం కడిగినట్టు మెరుస్తోంది. అమ్మ మళ్లీ మన్ను కలపబోతే బాపు వద్దన్నాడు. "ఉండనియ్. మంచిగనే ఉన్నది," అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పుడు అది నా మీద ప్రేమ అనుకున్నాను.

అక్క వచ్చింది. బండి దిగి, అర్రలోకి వచ్చి, తల పైకెత్తి గుడ్డను చూసి నోరు తెరిచింది. "అమ్మా, గీడ పండుకుంటె పెండ్లి పందిట్ల పండుకున్నట్టుంటది గదనే!" ఆ పది పన్నెండు రోజులు నేను ఆమె పక్కనే పడుకున్నాను. బాపు మిషన్ కింద పోగైన ముక్కలతో అమ్మ కుట్టిన బొంత ఇద్దరి మీదా కప్పుకునేవాళ్లం. అందులో ఏ ముక్క ఎవరి రవికెదో చెప్పడం మా ఆట. "గిది దొరసానిది. గిది పటేలు పెండ్లాంది. గిది సూడు, దొర లాగుది, నీ మూతి మీదికొచ్చింది," అని అక్క నవ్వేది. నవ్వితే కడుపు కదిలేది. ఒకసారి ముఖం మీద కొంగు లేకుండా వెల్లకిలా పడుకుని, "కండ్లల్ల మన్ను పడకుండ నిద్రవోవుడు నాకు ఇదే మొదలు పిల్లా," అన్నది.

ఆ వానలకు ఊరి చావడి కప్పు కూలింది. తాలూకా నుంచి వచ్చే చిన్న నౌకర్లు అందులోనే దిగేవారు. గిర్దావర్‌ను గడీలో దించడానికి దొర ఒప్పుకోడు, ఆ మనిషి అంత పెద్దవాడు కాదు. అక్కకు పొద్దున్నే నడుము పట్టేసింది. అమ్మ నీళ్లు కాచుతుండగా ఎల్లయ్య వచ్చి బాపును పిలిచాడు.

"మల్లన్నా, సాబ్ సామాను తెచ్చిన. ఎక్కడ పెట్టాలె?"

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "ఎల్లయ్యా, నీకు పిల్లలు లేరా? లోపట పిల్ల నొప్పులు పడుతాంది."

"నన్నేం చెయ్యమంటవు తల్లీ? తెమ్మంటె తెచ్చిన. ఊళ్లె ఇంకెవ్వల ఇల్లన్న గిట్ల తెల్లగున్నదా నువ్వే చెప్పు," అన్నాడు ఎల్లయ్య.

అమ్మ నా దిక్కు చూసింది. ఆ చూపు తర్వాత చాలా ఏళ్లు, ఆమె నన్ను మామూలుగా చూస్తున్నప్పుడు కూడా, నాకు కనిపిస్తూనే ఉండేది. బాపు గొడ్లను విప్పి వానలోకి తోలాడు.

కొట్టంలో పేడ ఎత్తి, బూడిద చల్లి, ఎండు గడ్డి పరిచాం. మంత్రసాని లచ్చమ్మ వచ్చి ఇంతెత్తున లేచింది. "ఏందే గిది? గింత మంచిగ అర్ర జేసి గొడ్ల జాగల పండవెడుతరా? మీకు ఇగురం ఉన్నదా?" తిట్టుకుంటూనే కొంగు నడుముకు చుట్టి కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు మగపిల్లవాడు పుట్టాడు. కొడవలి కొసతో బొడ్డు కోసింది. వాడు గట్టిగా ఏడ్చాడు. అమ్మ గోడకు ఆనుకుని కూలబడి, అప్పుడు ఏడ్చింది.

గిర్దావర్ సాబ్ సన్నటి మనిషి, మాట మెత్తన. గుమ్మం బయటనే చెప్పులు విడిచేవాడు. మా సున్నపు గోడల మధ్య, మా నులక మంచం మీద కూర్చుని రోజంతా కాగితాలు రాసేవాడు. బాపు మిషన్ ఎక్కడం మానేసి గుమ్మం దగ్గరే ఉండేవాడు. ఆయన షేర్వానీకి ఊడిన గుండీ కుట్టాడు, కాలరు తిప్పి కుట్టాడు. రెండో రోజు నేను నీళ్ల చెంబు తీసుకుపోయినప్పుడు కొట్టంలోంచి ఏడుపు వినిపించింది. సాబ్ కలం ఆపాడు.

"ఎవరి బచ్చా మల్లయ్యా?"

"పక్కింటోళ్లది సాబ్," అన్నాడు బాపు.

ఆయన తల ఊపి మళ్లీ రాసుకున్నాడు. మా ఇంటి బిడ్డ అని చెబితే లేచి వెళ్లిపోయేవాడేమో, లేవకపోయేవాడేమో. ఆయన చెడ్డవాడని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఏడో రోజు పొద్దున పిల్లవాడు పాలు పట్టలేదు. దవడలు బిగుసుకున్నాయి. ముట్టుకుంటే చాలు, ఒళ్లు విల్లులా వెనక్కి వంగేది. లచ్చమ్మ గాలి సోకిందన్నది, నిమ్మకాయ తిప్పింది. పొద్దు గుంకక ముందే అయిపోయింది. ఏడవడానికి కూడా అక్క నోట్లో కొంగు కుక్కుకుంది, లోపల సాబ్ ఉన్నాడని అమ్మ బతిమాలితే. తర్వాత రెండు రోజులకు ఆయన పోయాడు. అమ్మ అర్ర ఊడ్చి, అలికి, మంచం మీద బొంత పరిచి అక్కను పిలిచింది. అక్క కొట్టంలోంచి కదలలేదు. పురుటి రోజులు తీరే దాకా అక్కడే పడుకుని, అక్కడి నుంచే బండెక్కింది. బండి కదిలేటప్పుడు నేను దగ్గరికి పోతే, "నువ్వు గా గోడకు ఎయ్యకపోతె..." అని ఆపేసింది. అదే ఆమె నాతో మనసు విప్పి మాట్లాడిన ఆఖరి మాట. తర్వాత పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడితే పలకరించుకున్నాం. మా ఇంటికి ఆమె ఒక్కసారే వచ్చింది, బాపు పోయినప్పుడు. వాకిట్లోనే నిలబడి, వాకిట్లో నుంచే వెళ్లిపోయింది.

పోలీసు యాక్షన్‌తో నిజాం రాజ్యం పోయిన తర్వాత మేనమామ నన్ను పట్నం తీసుకుపోయి చదివించాడు. పత్రికలో చేరాను, ప్రూఫులు దిద్దాను, తర్వాత వార్తలు రాశాను. ఒకసారి దవాఖానల మీద రాస్తూ ఒక డాక్టర్‌ను ఏడో రోజు జబ్బు గురించి అడిగాను. ధనుర్వాతం అన్నాడు. పేడ వల్ల రావచ్చు, కొడవలి వల్ల రావచ్చు అన్నాడు. నేను కొట్టం గురించి చెప్పాను. ఆయన "మీరు బాగుచేసిన ఆ అర్రలో నేల దేనితో అలికారు?" అని అడిగాడు. పేడతోనే. కొడవలీ అదే. ఆ జవాబు నాకు ఊరట కావలసింది. కాలేదు.

ఎల్లయ్య ముసలివాడై మంచంలో ఉన్నప్పుడు, బాపు పోయిన కొన్నేళ్లకు, చూడబోయాను. గుర్తుపట్టాడు. చుట్ట ఆర్పి పక్కన పెట్టి, నేను అడగకుండానే ఆ సంగతి ఎత్తాడు.

"పటేలు పంపలేదు బిడ్డా. మీ బాపే అచ్చిండు. చావడి కూలిన్నాడు పటేలు తలకాయ పట్టుకోని కూసుంటె, మీ బాపు చేతులు కట్టుకోని 'నా ఇంట్ల అర్ర తయారుగున్నది, సున్నం గూడ ఏసిన' అన్నడు."

"మరి ఆనాడు తెల్లగోడ అంటివి గదా, మా అమ్మతోని?"

"ఇంకేమనాలె? పెండ్లాం ముందట ఆయిన ఇజ్జత్ తియ్యాల్నా?"

ఊరి జాగలు ఎవరి పేర ఉండాలో రాసేది గిర్దావరే. బాపు ఏం ఆశించి ఉంటాడో ఊహించడం కష్టం కాదు. మాట ఇచ్చిన రోజుకు అక్కకు నొప్పులు రాలేదన్నది కూడా నిజం. ఇచ్చిన తర్వాత వెనక్కి తీసుకోవడం ఆ కాలంలో ఆయన చేతిలో లేదు. ఇది నా ఊహ. తాలూకా కచేరీకి పోయి పాత కాగితాలు తీయించాను. ఆ జాగా బాపు పేరు మీద ఎక్కింది. ఎప్పుడు ఎక్కిందో చెప్పే అంచును చెదలు తినేశాయి. ఆ గిర్దావర్ రాసిందా, రాజ్యం మారిన తర్వాత రాసిందా, తెలియదు. అమ్మ అప్పటికి ఉంది. అడిగాను. "నాకు తెల్వదు. తెలుసుకోను గూడ," అని బియ్యం చేట ముందుకు లాక్కుంది.

శ్రీనుకు ఆ కాగితం అంటే గర్వం. "తాత పేరు మీద ఉన్నది కాబట్టే కదత్తా మనం నిలబడ్డం," అంటాడు. నిజమే. ఇప్పుడు పిల్లలు దవాఖానలో పుడతారు, ఇంట్లో అర్ర ఎవరి నిద్ర కోసం చేసుకుంటే వాళ్లదే. ఎవరి పరుపు చుట్టా లోపలికి రాదు. బజారు గోడకు ముదురు నారింజ రంగు వేశాడు, ఊరి చివర నుంచి కనిపిస్తుంది. ఎవరూ ఆగి చూడరు. దానికి సంతోషించాలని నాకు తెలుసు. కాని టైల్స్ పరిచే మనిషి నేల మట్టం చూస్తుంటే నేను కొట్టం ఉన్న చోటు వెతుక్కున్నాను. అక్కడ ఇప్పుడు బండి పెట్టుకునే షెడ్డు ఉంది.

పనులు అయ్యాక అందరినీ భోజనానికి పిలుస్తానన్నాడు శ్రీను. నేను పక్కన ఉండగానే పెద్దత్తకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. అక్కకు ఎనభై దాటాయి, గొంతు మాత్రం అలాగే ఉంది.

"సత్తెమ్మ వస్తదా?"

"వస్తది పెద్దత్తా. పక్కనే..."

"అయితె నన్ను పిలువకు బిడ్డా."

శ్రీను ఫోన్ పెట్టేసి నా ముఖం చూశాడు. ఒక్క మనిషి చెప్పిన మాటను ఇంకొకరు బలపరచందే అచ్చు వేయకూడదని నేను నేర్చుకున్న వృత్తి చెబుతుంది. ఎల్లయ్య పోయాడు. పటేలు అంతకు ముందే పోయాడు. గిర్దావర్ కరాచీ పోయాడని కొందరు, గుల్బర్గాలో ఉండిపోయాడని కొందరు అన్నారు. రెండో మనిషి నాకు దొరకలేదు. ఎల్లయ్య చెప్పింది అక్కకు ఇంకా చెప్పలేదు.